మిట్టీకూల్ మట్టి ఫ్రిజ్: ఏం చల్లబరుస్తుంది, ఎక్కడ పనిచేయదు, ఎవరు కొనాలి

కరెంటు లేకుండా నడిచే ఫ్రిజ్ అనగానే రెండు రకాల మాటలు వినిపిస్తాయి. ఇంట్లో ఉన్న ఫ్రిజ్ తీసేయొచ్చు అనేది ఒకటి, ఇది కుండకు తలుపు పెట్టడమేగా అనేది ఇంకొకటి. రెండూ తప్పే. గుజరాత్‌లోని వాంకానేర్‌లో మన్‌సుఖ్‌భాయ్ ప్రజాపతి తయారుచేసిన మిట్టీకూల్, పొడి వేడి ఉన్న ఊళ్లలో కూరగాయలకు, తాగే నీళ్లకు నిజంగా మంచి వస్తువు. ఉక్కపోత ఊళ్లలో దాని మీద డబ్బు పెట్టడం దండగ. ఈ తేడా ఎందుకో తెలుసుకుని కొంటే నిరాశ ఉండదు.

ముందు వస్తువు సంగతి. కాల్చిన ఎర్రమట్టితో చేసిన పెట్టె ఇది. పైన నీళ్ల తొట్టి, దానికి కుళాయి. కింద అరలు, వాటికి ముందువైపు తలుపు. మోడల్‌ను బట్టి పై తొట్టిలో పది నుంచి ఇరవై లీటర్ల నీళ్లు, కింద దాదాపు 5 కిలోల కూరగాయలు పడతాయి. తొట్టిలోని నీరు మట్టి రంధ్రాల గుండా పక్క గోడల్లోకి ఇంకి, బయటి పొర మీదికి వచ్చి ఆవిరవుతుంది. ఆవిరయ్యే ప్రతి లీటరు నీరు దాదాపు 2,400 కిలోజౌళ్ల వేడిని పట్టుకుపోతుంది. పాతకాలపు కుండ పనిచేసే తీరు కూడా ఇదే. అయితే కుండ తనలోని నీళ్లనే చల్లబరుస్తుంది. ఇక్కడ ఆ చల్లదనం కింద ఉన్న అరలకు కూడా చేరాలి. తయారీలో అసలు కష్టమంతా అక్కడే.

ఎంత చల్లబడుతుంది? గది వేడి కన్నా సుమారు 8 డిగ్రీలు తక్కువ అనేది దీని గురించి తరచు చెప్పే లెక్క. అనుకూలమైన గాలి ఉంటే అది నమ్మదగిన లెక్కే. కానీ ఇది అన్ని ఊళ్లకూ వర్తించే స్థిరమైన అంకె కాదు. నీరు ఆవిరవుతూ ఎంత దూరం చల్లబడగలదో గాలిలోని తేమ నిర్ణయిస్తుంది. గాలి వేడి 42 డిగ్రీలు, తేమ 20 శాతం ఉంటే సిద్ధాంతం ప్రకారం సుమారు 24 డిగ్రీల దాకా దిగవచ్చు. 34 డిగ్రీలు, తేమ 70 శాతం ఉంటే దిగగలిగేది 29 దాకానే. మట్టి పెట్టె ఏదీ ఈ హద్దును పూర్తిగా అందుకోదు, సగం దూరం వెళ్తే గొప్ప. అంటే మొదటి ఊళ్లో తొమ్మిది డిగ్రీలు తగ్గుతుంది, రెండో ఊళ్లో రెండో మూడో. కాబట్టి అనంతపురం, కర్నూలు, మహబూబ్‌నగర్, నిజామాబాద్, ఆదిలాబాద్, హైదరాబాద్‌లలో మార్చి నుంచి జూన్ మొదటి వారం దాకా ఇది బాగా పనిచేస్తుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం, నెల్లూరు వైపు వేసవిలో కూడా పెద్దగా తేడా చూపించదు. వానలు పట్టాక ఎక్కడైనా ఇది ఉత్త పెట్టె కిందే లెక్క.

ఇది రాసేటప్పుడు కంపెనీని తప్పుపట్టే ఉద్దేశం లేదు. కుండ ఎక్కడ చల్లబడదో అక్కడ ఇదీ చల్లబడదు. మీ ఊళ్లో ఏప్రిల్‌లో కొత్త కుండ నీళ్లు చల్లగా ఉంటాయా లేదా అన్నదే కొనేముందు చేయాల్సిన పరీక్ష. రంజన్ (నీళ్లకు వాడే మట్టి కుండ) ఒకటి కొని వారం రోజులు వాడి చూడండి.

ఈ పెట్టె ఎలా పుట్టింది

సమీక్షలో ఇది చెప్పాల్సిన అవసరం ఉంది. ఎందుకంటే దీని బలాలూ పరిమితులూ తయారుచేసిన మనిషి దారిలోంచే వచ్చాయి. మన్‌సుఖ్‌భాయ్‌ది కుమ్మరి కుటుంబం, మోర్బీ దగ్గరి నీచీమండల్. 1979 ఆగస్టులో మచ్చు డ్యామ్ తెగి మోర్బీ మునిగినప్పుడు ఉన్నదంతా పోయి ఆ కుటుంబం వాంకానేర్ చేరింది. ఆయన పదో తరగతి తప్పాడు. టీ కొట్టు నడిపాడు. తర్వాత ఇంటి పెంకులు చేసే ఫ్యాక్టరీలో చేరాడు. సారె మీద ఒక్కొక్కటిగా చేతితో చేసే పనిని అచ్చు యంత్రం ఎంత వేగంగా చేస్తుందో ఆయన చూసింది అక్కడే. 1988లో 30,000 రూపాయల అప్పుతో బయటికొచ్చి, పెంకులు నొక్కే చేతి యంత్రాన్ని మట్టి పెనాలు చేసేలా మార్చాడు. చేతితో రోజుకు వంద పెనాలు చేసే చోట, ఆ యంత్రం మీద ఆరేడు వందలు వచ్చాయి. చదువు ఇవ్వలేకపోయిన పునాదిని పెంకుల ఫ్యాక్టరీ ఇచ్చిందంటే అతిశయోక్తి కాదు.

2001 జనవరి 26 భూకంపంలో ఆయన సరుకు పగిలిపోయింది. ఆ రోజుల్లో ఒక గుజరాతీ పత్రిక పగిలిన కుండ ఫొటో వేసి, పేదవాడి ఫ్రిజ్ పగిలిందన్న అర్థంలో వ్యాఖ్య రాసింది. నిజంగానే మట్టితో ఫ్రిజ్ చేస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన ఆయనకు ఆ వ్యాఖ్యతోనే వచ్చింది. అమ్మకానికి పెట్టింది 2005లో. మధ్యలో నాలుగేళ్లు రకరకాల మట్లు, మిశ్రమాలు, ఆకారాలు చేసి చూశాడు. అహ్మదాబాద్‌లో ప్రొఫెసర్ అనిల్ గుప్తా చుట్టూ ఏర్పడిన, సామాన్యుల ఆవిష్కరణలకు చేయూతనిచ్చే జ్ఞాన్ సంస్థ, నేషనల్ ఇన్నొవేషన్ ఫౌండేషన్ ఆయనకు తోడ్పడ్డాయి.

ఆ నాలుగేళ్లు ఎందుకు పట్టాయో మట్టి పని తెలిసినవాళ్లకు అర్థమవుతుంది. గోడలో రంధ్రాలు ఎక్కువైతే బాగా చల్లబడుతుంది, కానీ పెట్టె బలహీనపడి నీళ్లు కారుతుంది. రంధ్రాలు తగ్గితే గట్టిగా ఉంటుంది, చల్లదనం పోతుంది. ఇసుకో రంపపు పొట్టో కలిపే పాళ్లు మారితే, లేదా వాములో (మట్టి సరుకు కాల్చే బట్టీలో) మంట కాస్త అటూఇటూ అయితే, ఫలితం తారుమారవుతుంది. పైగా గుండ్రటి కుండ ఎండేటప్పుడు అన్ని వైపులా సమంగా కుంచించుకుంటుంది. నలుచదరపు పెట్టె మూలల దగ్గర పగుళ్లు తీస్తుంది. పగిలిన ప్రతి నమూనా ఒక వాము కట్టెల ఖర్చును, కొన్ని వారాల పనిని తీసుకుపోతుంది. నిలదొక్కుకోవడం అన్న మాటను వ్యాపార ఉపన్యాసాల్లో తేలిగ్గా వాడేస్తుంటారు. ఇక్కడ దాని అర్థం పగిలిన ముక్కను చూసి, ఇసుక పాలు మార్చి మళ్లీ వాము పేర్చడం. మట్టి వదిలేసి ప్లాస్టిక్ వైపో లోహం వైపో పోయి ఉంటే తొందరగా అయ్యేది. ఆయన పోలేదు. అందుకే ఈ పెట్టెకు కంప్రెసర్ లేదు, గ్యాస్ లేదు. వాడటం మానేసిన రోజున పెంకు ముక్కలుగా నేలలో కలిసిపోతుంది.

లోపల ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు

దీనిలో ఎక్కువ లాభం కూరగాయలకే. టమాటా, వంకాయ, బెండకాయ, దోసకాయ, మామిడి లాంటివి 10-12 డిగ్రీల కన్నా తక్కువ చలిలో దెబ్బతింటాయి. కరెంటు ఫ్రిజ్‌లో పెట్టిన టమాటా రుచి పోవడం, వంకాయ తొక్క మీద గుంటలు పడటం, బెండకాయ నల్లబడటం ఆ చలి వల్లే. మట్టి పెట్టెలో 30 డిగ్రీలకు అటూఇటూగా వేడి, నిండుగా తేమ ఉంటాయి కాబట్టి ఇవి వాడిపోవు, రుచీ పోదు. తోటకూర, గోంగూర, కొత్తిమీర, కరివేపాకు బయట ఉంచితే ఎండలో ఒక్క పూటకే వాలిపోతాయి. ఇందులో రెండు మూడు రోజులు నిలుస్తాయి. గట్టి కూరగాయలు నాలుగైదు రోజులు ఆగుతాయి. ఆకుకూరలు కడిగి పెట్టకండి. వేర్లు కోసి, పల్చటి నూలు గుడ్డలో వదులుగా చుట్టి పెట్టండి. ప్లాస్టిక్ సంచిలో పెడితే నీటి చుక్కలు పట్టి ఆకు కుళ్లిపోతుంది.

ఉల్లి, వెల్లుల్లి, బంగాళాదుంపలు వద్దు. ఈ తేమకు మొలకెత్తుతాయి, బూజు పడతాయి. పప్పులు, పిండి, బెల్లం కూడా వద్దు.

పాల విషయంలో జాగ్రత్త. పాలు విరగడానికి కారణమయ్యే సూక్ష్మజీవులు నెమ్మదించాలంటే 4 డిగ్రీల దగ్గర ఉండాలి. ఈ పెట్టె అక్కడికి చేరదు. ఉదయం కాచిన పాలు సాయంత్రం దాకా బయటకన్నా నమ్మకంగా ఉంటాయి. సాయంత్రం మళ్లీ కాచాలి. ప్యాకెట్ పాలు తెచ్చి కాచకుండా ఇందులో పెట్టి, మర్నాడు వాడుకుందామంటే కుదరదు. పెరుగుకు మాత్రం బాగా నప్పుతుంది. తోడుకున్నాక గిన్నె లోపల పెడితే మధ్యాహ్నానికే పుల్లగా అయిపోయే పెరుగు రాత్రి దాకా తినేలా ఉంటుంది. ఇడ్లీ పిండి పులిసినాక ఇంకో పూట ఆగుతుంది, అంతకుమించి కాదు.

వండిన కూరలు, మాంసం, చేపలు, గుడ్ల కూర ఇందులో దాచకూడదు. చల్లగా తగులుతోంది కదా అని మోసపోవద్దు. 28 డిగ్రీలు ఆహారం పాడుచేసే సూక్ష్మజీవులకు హాయిగా ఉండే వేడి. వాడకం మొదలుపెట్టని ఇన్సులిన్‌కు 2 నుంచి 8 డిగ్రీలు కావాలి కాబట్టి దానికీ ఇది చాలదు. వాడుతున్న ఇన్సులిన్ సంగతి దాని పెట్టె మీది సూచన చూసి, డాక్టర్‌ను అడిగి తేల్చుకోవాలి.

వేడివేడి గిన్నెలు లోపల పెట్టొద్దు. 38 డిగ్రీల వేడిలో ఉన్న 5 కిలోల కూరగాయల్ని 30కి దించడానికి గోడల నుంచి 70 మిల్లీలీటర్ల లోపు నీరు ఆవిరైతే చాలు. అదే పొయ్యి మీంచి దించిన పప్పు గిన్నె పెడితే ఆ వేడంతా కూరగాయలకు పాకి, పెట్టె కోలుకోవడానికి గంటలు పడుతుంది.

పెట్టే చోటు, చేసే పొరపాట్లు

ఇది ఎంత బాగా పనిచేస్తుందనేది సగం మీరు పెట్టే చోటే నిర్ణయిస్తుంది. గోడకు ఆనించి, వంటగది మూలలో, పొయ్యి పక్కన పెట్టేవాళ్లే ఎక్కువ. అక్కడ గాలి ఆడదు, ఆవిరి అక్కడే ఉండిపోతుంది, ఇక చల్లదనం ఎక్కడి నుంచి వస్తుంది? అన్ని వైపులా జానెడు దూరం వదిలి, నేల నుంచి కనీసం నాలుగు అంగుళాలు ఎత్తున ఇనుప స్టాండు మీద పెట్టాలి. ఎండ పడని వసారా, లేదా రెండు కిటికీల మధ్య గాలి దారి మంచి చోట్లు. సీలింగ్ ఫ్యాన్ గాలి తగిలితే ఇంకా మంచిది. ఎయిర్ కూలర్ నడిచే గదిలో మాత్రం పెట్టకండి. అది కూడా నీరు ఆవిరి చేసే యంత్రమే కాబట్టి గదిలో తేమ పెంచి ఈ పెట్టె పని చెడగొడుతుంది. వేసవిలో పెట్టె పని చేయడం లేదనిపిస్తే ముందు చూడాల్సింది ఆ గదిలో కూలర్ ఉందా అన్నదే.

స్టాండు సమంగా ఉందో లేదో చూసుకోండి. పై తొట్టి అంచు దాకా నీళ్లు పోసి చూస్తే వాలు తెలిసిపోతుంది. ఒక కాలు ఎత్తుగా ఉంటే బరువంతా ఒక మూల మీద పడి కొన్నాళ్లకు సన్నటి పగులు వస్తుంది. నీళ్లు నింపాక ఒక్కరే జరపడానికి ప్రయత్నించకండి. చెక్క బల్ల మీద పెడితే కింద చెమ్మ దిగి బల్ల పాడవుతుంది. కింద నీళ్లు ఊరడం సహజమే, పళ్లెం ఒకటి పెట్టండి.

కొత్తది వచ్చాక తొట్టి నిండా నీళ్లు పోసి ఒక రోజంతా ఉంచి పారబోయండి. ఇలా రెండు మూడు సార్లు చేస్తే పచ్చి మట్టి వాసన పోతుంది. ఆ మొదటి రోజుల్లో చల్లదనం తక్కువగా ఉంటుంది. గోడలు పూర్తిగా నానడానికి సమయం కావాలి. తర్వాత రోజూ తొట్టి నింపుతూ ఉండాలి. ఎండాకాలంలో ఆవిరయ్యే నీరు రోజుకు ఒకటి నుంచి మూడు లీటర్ల మధ్య ఉంటుంది, తాగేది కాక. తొట్టి అడుగంటితే కింది గోడలకు నీరందదు. ఊరెళ్లి నాలుగు రోజులకు వచ్చి, కూరలు పాడయ్యాయనుకోవడంలో అర్థం లేదు.

సబ్బు, డిష్‌వాష్ జెల్ తగలనివ్వకండి. రంధ్రాల్లోకి పీల్చుకుని నీళ్లకు వాసన పట్టిస్తుంది, రంధ్రాలను మూసేస్తుంది. కొబ్బరి పీచు, మామూలు నీళ్లు చాలు. లోపలి అరలు వారానికోసారి తుడిచి, తలుపు తీసి ఒక గంట ఆరనివ్వాలి. లేదంటే మూలల్లో బూజు వస్తుంది.

మన ప్రాంతాల్లో అసలు సమస్య బోరు నీళ్లు. సున్నం, లవణాలు ఎక్కువున్న నీళ్లు పోస్తే నీరు ఆవిరై లవణం గోడ బయటే మిగిలిపోతుంది. కొన్ని నెలలకు తెల్లటి పొర కనిపిస్తుంది, ఆ తర్వాత చల్లదనం తగ్గుతూ వస్తుంది. అది కనిపించగానే పీచుతో రుద్ది, బయటివైపు నిమ్మరసం కలిపిన నీళ్లతో కడిగి, బాగా నీళ్లు పోసి, ఎండలో రెండు రోజులు ఆరబెట్టండి. చాలా వరకు తిరిగొస్తుంది, పూర్తిగా కాదు. ఆర్వో నీళ్లో మంచినీళ్ల పథకం నీళ్లో పోస్తే పెట్టె ఆయుష్షు పెరుగుతుంది. ఇంకో మాట: మట్టి తొట్టి ఫ్లోరైడ్‌ను తీసేయదు. నల్గొండ, ప్రకాశం జిల్లాల ఫ్లోరైడ్ గ్రామాల్లో శుద్ధి చేసిన నీళ్లే పోయాలి. చల్లబడ్డాయి కాబట్టి మంచినీళ్లయ్యాయని అనుకోవద్దు.

కుళాయి దగ్గర కారడం ఎక్కువమంది ఎదుర్కొనేదే. లోపలా బయటా రబ్బరు వాషర్ ఉండాలి. నట్టును చేత్తోనే బిగించాలి, స్పానర్ పెట్టకూడదు, మట్టి పగులుతుంది. వాషర్ ఎండిపోతే మార్చండి. లోపలివైపు, నీళ్లు తగిలే చోట, పైపులు అతికించే జిగురు వాడకండి.

కొనేటప్పుడు

పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి. దూరం నుంచి వచ్చే మట్టి సరుకులో కంటికి కనిపించని పగుళ్లు రావచ్చు. వేలి కణుపుతో నాలుగు వైపులా కొట్టి చూడండి. ఖంగుమని మోగాలి. మొద్దుగా వినిపిస్తే అక్కడ పగులుంది. తర్వాత నీళ్లు పోసి ఒక రాత్రి ఉంచండి. గోడంతా సమంగా చెమర్చాలి. ఒకే గీతలో నీరు కారితే వాపసు పంపించండి. ఆర్డర్ పెట్టేముందే వాపసు షరతులు చదవండి.

కరెంటు బిల్లు మిగులుతుందన్న లెక్కతో కొనేవాళ్లకు ఒక మాట. చిన్న సైజు కరెంటు ఫ్రిజ్ ఏడాదికి 150 నుంచి 250 యూనిట్లు తింటుంది. అది తీసేసినా బిల్లులో మిగిలేది పెద్ద మొత్తం కాదు. వేల రూపాయలు పెట్టి, రవాణా ఖర్చు భరించి, ఏటా మూడు నెలల పైచిలుకే పూర్తిగా పనిచేసే వస్తువును బిల్లు కోసం కొనడం సరైన లెక్క కాదు. దీన్ని కొనడానికి మంచి కారణాలు వేరే ఉన్నాయి. తోటలో, పొలం దగ్గరి ఇంట్లో కరెంటు నిలకడగా ఉండకపోవడం, ఏ పూటకాపూట వండుకోవడం, రెండు మూడు రోజులకోసారి సంతకో రైతు బజారుకో వెళ్లే అలవాటు, ఐసు నీళ్లు పడని గొంతు. ఇలా బతికేవాళ్లకు ఈ పెట్టె సరిగ్గా సరిపోతుంది. ఆదివారం వండి బుధవారం దాకా తినే ఇంట్లో ఇది అలంకారంగా మిగిలిపోతుంది. కరెంటు ఫ్రిజ్ ఉన్న ఇంట్లో కూడా కూరగాయల కోసం పక్కన ఇది పెట్టుకుంటే టమాటాలు, వంకాయల రుచిలో తేడా తెలుస్తుంది.

ఇదే పేరుతో వచ్చే మట్టి పెనం కూడా చెప్పుకోదగ్గది. సన్న మంట మీద మెల్లగా వేడెక్కించి రొట్టె కాల్చుకుంటే బాగా వస్తుంది. వేడి పెనం మీద చల్లటి నీళ్లు పోస్తే పగులుతుంది, ఇండక్షన్ పొయ్యి మీద పనిచేయదు.

డబ్బు చాలనివాళ్లు, ముందు చిన్నగా చూద్దామనుకునేవాళ్లు, నైజీరియాలో మొహమ్మద్ బా అబ్బా 1990ల్లో ఊరూరా పంచిన రెండు కుండల పద్ధతి ప్రయత్నించండి. మీ ఊరి కుమ్మరి దగ్గరే మెరుగు పూయని పెద్ద కుండ ఒకటి, అందులో అన్ని వైపులా రెండు అంగుళాల సందు ఉండేలా పట్టే చిన్న కుండ ఒకటి తీసుకోండి. పెద్ద కుండ అడుగున రెండు అంగుళాల ఇసుక పోసి, చిన్న కుండ కూర్చోబెట్టి, చుట్టూ సందులో కడిగిన ముతక ఇసుక నింపండి. ఉదయం, సాయంత్రం ఆ ఇసుక తడిసేలా నీళ్లు పోయండి, తేలేలా కాదు. లోపల కూరగాయలు పెట్టి, తడి గోనెగుడ్డ కప్పండి. కొన్ని వందల రూపాయల్లో అయిపోతుంది. తలుపు, కుళాయి సౌకర్యం ఉండదు, చల్లదనం మాత్రం ఇంచుమించు అంతే వస్తుంది. ఒక వేసవి ఇలా వాడాక, మీ ఇంటి గాలికి ఇది పనిచేస్తోందని తేలితే అప్పుడు మిట్టీకూల్‌కు ఆర్డర్ పెట్టండి. ఫిబ్రవరిలో పెడితే ఎండలు ముదిరేలోపు నానబెట్టి సిద్ధం చేసుకోవచ్చు. వానలు మొదలయ్యాక తొట్టి ఖాళీచేసి, నాలుగు రోజులు పూర్తిగా ఎండబెట్టి, కుళాయి ఊడదీసి విడిగా దాచి, గుడ్డ కప్పి పెట్టండి. తడిగా దాస్తే లోపల బూజు పట్టి వచ్చే ఏడు నీళ్లు వాసన వేస్తాయి.